ఎగిరే పురుగుల్ని తిని బతికే పిట్టల మీద వ్యవసాయం ప్రభావం ఎంత?

మీరు అడిగింది రెండు ముక్కలుగా ఉంది. వానకోవెలల్లాగా గాలిలో ఎగురుతూనే పురుగుల్ని పట్టుకు తినే పిట్టలు తగ్గిపోతున్నాయి, దానికి పొలాల్లో కొట్టే మందులే కారణమా అన్నది మొదటిది. పేనుబంక, దోమ, రెక్కల పురుగు ఏటా పంట మీద పడుతూనే ఉన్నాయి కదా, మరి ఈ పిట్టలకు తిండి కరువు ఎలా వస్తుంది అన్నది రెండోది. అసలు విషయమంతా ఈ రెండో ప్రశ్నలోనే ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పొలాల్లో, పశువుల కొట్టాల్లో ఈ పిట్టల గూళ్ళు గమనించే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. సేద్యం ఈ పిట్టల్ని నేరుగా చంపేది తక్కువ. వాటి తిండి పుట్టే చోట్లను చెరిపేసేది ఎక్కువ. పేడ, తడినేల, గట్టు: ఎగిరే పురుగుల్లో చాలా భాగం ఈ మూడింటిలోనే పుడతాయి. ఈ మూడూ ఉన్న పొలం మీద పిట్టలు ఉంటాయి. మందు వాడకం తగ్గించి కూడా ఈ మూడింటినీ పోగొట్టుకున్న పొలం మీద పెద్దగా ఉండవు.

ముందుగా ఏ పిట్టల గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకోవాలి. వానకోవెలలు (స్వాలోలు, మార్టిన్లు), స్విఫ్ట్‌లు, రాత్రిపూట తిరిగే నైట్‌జార్లు, కొమ్మ మీంచి ఎగిరి పురుగును పట్టుకుని మళ్ళీ కొమ్మ మీదే వాలే ఫ్లైక్యాచర్లు, బీ-ఈటర్లు ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. అన్నీ ఎగిరే పురుగునే తింటాయి గానీ తిరిగే తీరు ఒక్కటి కాదు. గూట్లో పిల్లలున్నప్పుడు వానకోవెల ఎక్కువగా గూటికి అర కిలోమీటరు లోపే, నేలకు దగ్గరగా వేటాడుతుంది. అంటే దాని బతుకు ఒకటి రెండు కమతాల మీదే ఆధారపడి ఉంటుంది. స్విఫ్ట్ అలా కాదు, ఎంతో ఎత్తున, కిలోమీటర్ల కొద్దీ తిరుగుతుంది. ఒక్క రైతు చేసే మంచిగానీ చెడుగానీ దానికి పెద్దగా లెక్కలోకి రాదు, ప్రాంతం మొత్తం ఎలా ఉందన్నదే దానికి ముఖ్యం. నైట్‌జార్‌కు రెక్కల పురుగులు కావాలి. వాటి గొంగళిపురుగులు పెరగడానికి పంటేతర మొక్కలు కావాలి. కాబట్టి "వ్యవసాయం పిట్టల్ని ఏం చేస్తుంది" అన్న ప్రశ్నకు పిట్టను బట్టి జవాబు మారుతుంది. నేను ఎక్కువగా వానకోవెలల గురించే చెబుతాను, ఎందుకంటే పొలంతో వాటికున్నంత దగ్గరి సంబంధం మిగతావాటికి లేదు.

ఆ సంబంధం ఎంత దగ్గరిదో చూడండి. ప్రపంచంలో చాలా దేశాల్లో కనిపించే బార్న్ స్వాలో ఇవాళ గుహల్లో, కొండ చరియల్లో గూడు కట్టడం దాదాపు మానేసింది. కొట్టాలు, వసారాలు, వంతెనల కింద, ఇలా మనిషి కట్టిన వాటిలోనే పెడుతుంది. అడవి కొట్టి పచ్చిక చేసి, పశువుల్ని కట్టేసి, నీళ్ళు నిలిపి మనిషి చేసిన సేద్యం కొన్ని వేల ఏళ్ళ పాటు ఈ పిట్టకు మేలే చేసింది. అందుకే వ్యవసాయాన్ని శత్రువులా చిత్రించే రాతలు చదివితే నాకు బాధేస్తుంది. పిట్టను పెంచిందీ పొలమే. చెడింది గడిచిన అరవై డెబ్బై ఏళ్ళలో, సేద్యం పద్ధతి మారడంతో.

తగ్గుదల సంగతికొస్తే, అది అనుమానం కాదు, లెక్కల్లో ఉన్నదే. కెనడాలో పక్షుల స్థితి మీద 2019లో వచ్చిన నివేదిక ప్రకారం 1970 నుంచి ఎగిరే పురుగుల్ని తినే పిట్టలు 59 శాతం తగ్గాయి. అదే ఏడు ఉత్తర అమెరికా మొత్తం మీద వచ్చిన అధ్యయనం 1970 నుంచి అన్ని జాతులూ కలిపి దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని లెక్క తేల్చింది. బ్రిటన్‌లో 2021లో స్విఫ్ట్‌నూ హౌస్ మార్టిన్‌నూ ఎక్కువ ఆందోళన కలిగించే పిట్టల ఎర్ర జాబితాలో చేర్చారు. పురుగుల వైపు నుంచి చూస్తే జర్మనీలో 63 రక్షిత ప్రాంతాల్లో వలలు పెట్టి 27 ఏళ్ళ పాటు ఎగిరే పురుగుల్ని తూకం వేశారు. 2017లో ప్రచురించిన ఆ ఫలితాల్లో బరువు 75 శాతానికి పైగా పడిపోయింది. అవి రక్షిత ప్రాంతాలు. కానీ వాటిలో చాలా భాగం చుట్టూ సాగు భూములు ఉన్న చిన్న ముక్కలు. డెన్మార్క్‌లో ఒక పరిశోధకుడు 1997 నుంచి 2017 దాకా రెండు దారుల్లో కారు నడుపుతూ అద్దానికి తగిలి చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టాడు. ఒక దారిలో 80 శాతం, ఇంకో దారిలో 97 శాతం తగ్గాయి. అదే చుట్టుపక్కల వానకోవెలలు కూడా తగ్గాయి.

అయితే అన్ని జాతులూ, అన్ని చోట్లా ఒకేలా తగ్గలేదు. ఉత్తర అమెరికాలో ఈశాన్యం వైపు తగ్గుదల ఎక్కువ. కేవ్ స్వాలో అనే జాతి మాత్రం రోడ్ల కింద కాలువ తూముల్లో గూళ్ళు పెట్టుకుంటూ పెరిగింది. ఒకే కారణం అన్నింటినీ తగ్గిస్తోందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక పేడ సంగతి. ఇది చాలామంది పట్టించుకోని భాగం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది.

మేత బీడులో అప్పుడే పడిన పేడకడి దగ్గర కాసేపు కూర్చుని చూడండి. నిమిషాల్లోనే పసుపుపచ్చని నూగున్న పేడ ఈగలు వచ్చి వాలతాయి. మగవి పేడ మీదే కాచుకుని ఆడవాటి కోసం కొట్లాడుకుంటాయి. ఆ తర్వాత చిన్న చిన్న పెంకు పురుగులు అంచులో దూరతాయి. రెండు మూడు రోజులకు పైన పొర ఎండి, దాని మీద సన్నని బెజ్జాలు కనిపిస్తాయి. పుల్లతో పొర లేపితే లోపల తడిగా, సొరంగాలు సొరంగాలుగా ఉంటుంది. తెల్లని ఈగ పిల్లలు, వాటిని తినడానికి వచ్చిన పొట్టిరెక్కల పురుగులు కనిపిస్తాయి. కొన్ని వారాల్లో ఆ పేడ మొత్తం నేలలో కలిసిపోతుంది. ఆ కడిలో పుట్టిన ఈగలన్నీ గాలిలోకి లేస్తాయి. మేసే పశువుల కాళ్ళ మధ్య నుంచి వానకోవెలలు దూసుకుపోవడం మీరు చూసే ఉంటారు. పశువు నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగునూ, పేడ మీదికొచ్చే ఈగనూ పట్టుకోవడానికే అలా తిరుగుతాయి.

ఇప్పుడు ఆ పశువుల్ని అక్కడి నుంచి తీసేద్దాం. డెన్మార్క్‌లోనే 2001లో వచ్చిన ఒక అధ్యయనం పాడి ఉన్న కమతాలనూ, పాడి ఆపేసిన కమతాలనూ పోల్చింది. పాడి ఉన్న చోట పురుగులు ఎక్కువ, వానకోవెల జంటలూ ఎక్కువ. పాడి ఆగిపోయిన చోట జంటలు తగ్గాయి. ఇంగ్లండ్‌లో చేసిన పనిలో పశువులు మేసే పచ్చిక మీద ఎగిరే పురుగులు, సైలేజీ (పాతరేసి పులియబెట్టే మేత) కోసం కోసే గడ్డి మీద ఉన్నవాటికి రెట్టింపుకు పైగా, ధాన్యం చేల మీద ఉన్నవాటికి అంతకంటే కూడా ఎక్కువ రెట్లు ఉన్నాయి. మందు సంగతి అటుంచండి, పశువు బయట మేయడం మానేసి షెడ్డులో కట్టు మీదే ఉండిపోయినా, పాడి వదిలేసి అంతా ధాన్యమే వేసినా, పిట్ట తిండి సగానికి సగం పోయినట్టే. ఇది ఒక ప్రాంతంలో పశుపోషణ, ఇంకో ప్రాంతంలో పంటలు అని విడిపోయిన దేశాలన్నిట్లోనూ జరిగింది. రైతు ఏ తప్పూ చేయలేదు, గిట్టుబాటు ఎటు తోస్తే అటు వెళ్ళాడు. పిట్టకు మాత్రం అన్నం పోయింది.

పశువులు ఉన్నా తిండి లేకపోయే సందర్భం ఇంకొకటి ఉంది: నట్టల మందు. ఐవర్‌మెక్టిన్ 1981లో పశువైద్యంలోకి వచ్చింది. మంచి మందు, దాన్ని కనిపెట్టినవారికి 2015లో నోబెల్ కూడా వచ్చింది, మనుషుల్లో గుడ్డితనం తెచ్చే జబ్బును అరికట్టింది. ఇబ్బంది ఏమిటంటే పశువుకిచ్చిన ఐవర్‌మెక్టిన్‌లో చాలా భాగం పెద్దగా మారకుండానే పేడలో బయటికి వస్తుంది. నట్టను చంపే మందు ఈగ పిల్లనూ, పెంకు పురుగు పిల్లనూ కూడా చంపుతుంది. 1987లో బ్రిటన్ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. మందు నెమ్మదిగా విడుదలయ్యే గుళిక మింగించిన దూడల పేడలో పెంకు పురుగులు లేవు. మామూలు పేడ వంద రోజుల్లో చాలావరకు నేలలో కలిసిపోతే, అప్పటికి కూడా ఈ పేడ చాలావరకు అలాగే గట్టిగా పడి ఉంది. మీ బీడులో పాత పేడకడులు బెజ్జాల్లేకుండా, చెక్కలా ఎండిపోయి ఉన్నాయంటే ఒకసారి మందు ఎప్పుడు వేశారో ఆలోచించండి. వేసవి ఎండకు కూడా పేడ తొందరగా ఎండి అలా అవుతుంది, కాబట్టి ఒక్క కడి చూసి తీర్పు చెప్పకండి, చాలా కడులు తిరగేసి చూడండి.

రెండోది తడి. కుంటలు, చిత్తడి, పొలం మధ్య కాలువలు, నీళ్ళు నిలిచే పల్లం. వీటిలోంచి లేచే కుట్టని చిరుదోమలు (మిడ్జ్‌లు), మేఫ్లైలు, తూనీగలు ఈ పిట్టలకు చాలా విలువైన తిండి. విలువైన అనడంలో ఒక కారణం ఉంది. నీటిలో పెరిగిన పురుగుల ఒంట్లో పొడుగు గొలుసు ఒమేగా-3 కొవ్వులు ఎక్కువ, నేల మీద పెరిగినవాటిలో చాలా తక్కువ. ఉత్తర అమెరికా వానకోవెల అయిన ట్రీ స్వాలో పిల్లల మీద 2016లో చేసిన పరీక్షలో ఈ కొవ్వులు ఉన్న తిండి తక్కువ పెట్టినా, ఆ కొవ్వులు లేని తిండి ఎక్కువ పెట్టినవాటి కంటే పిల్లలు బాగా ఎదిగాయి. కడుపు నిండడం ఒకటి, బలం పట్టడం ఇంకొకటి. పొలం చదును చేయడం కోసం పల్లాల్లో నీళ్ళు తీసేసి, కుంటలు పూడ్చేసినప్పుడు పిట్ట పోగొట్టుకునేది ఈ బలాన్నిచ్చే తిండిని.

కుంట ఉన్నా చాలదు, అందులో ఏం కలుస్తోందన్నది కూడా చూడాలి. ఇక్కడికి వచ్చేసరికి మందు గురించి గట్టిగానే చెప్పాలి. 1990ల మొదట్లో వచ్చిన ఇమిడాక్లోప్రిడ్, దాని వెంట వచ్చిన మిగతా నియోనికోటినాయిడ్లు మొక్క లోపలికి పాకే మందులు. వీటిని చాలా పంటల్లో విత్తనశుద్ధికి వాడతారు. విత్తనానికి పట్టించిన మందులో మొక్క తీసుకునేది పంటను బట్టి సుమారు 2 నుంచి 20 శాతం లోపే. మిగిలింది మట్టిలో ఉండిపోతుంది, నీళ్ళలో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి వానకు కాలువల్లోకీ కుంటల్లోకీ చేరుతుంది. కెనడా గోధుమ మైదానాల కుంటల్లో ఆ ఏడు విత్తనం వేయక ముందే నీళ్ళలో ఈ మందులు దొరికాయి, అంటే పాత ఏళ్ళవి మిగిలి ఉన్నాయన్నమాట. నీటి పురుగులకు, ముఖ్యంగా మేఫ్లైలకు, మిడ్జ్‌లకు ఇవి చాలా తక్కువ మోతాదులో కూడా పడవు.

దీనివల్ల పిట్టలు తగ్గాయా? నెదర్లాండ్స్‌లో నీటిలో ఇమిడాక్లోప్రిడ్ కొలతల్నీ, పురుగులు తినే 15 జాతుల పిట్టల లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసి 2014లో ప్రచురించారు. లీటరుకు 20 నానోగ్రాములు దాటిన చోట్ల పిట్టలు సగటున ఏటా 3.5 శాతం చొప్పున తగ్గాయి. ఇది రెండు లెక్కల మధ్య పొంతన చూపిస్తుందే తప్ప, మందే తగ్గించిందని నిరూపించదు. అయితే జపాన్‌లోని షింజి సరస్సు కథ పక్కన పెట్టి చూస్తే బలం వస్తుంది. అక్కడ చుట్టూ వరి మళ్ళు. 1993లో ఈ మందుల వాడకం మొదలైన వెంటనే సరస్సులో చేపలకు ఆహారమైన సూక్ష్మ జీవులు కుప్పకూలాయి. స్మెల్ట్ చేప పట్టుబడి ఏటా 240 టన్నుల నుంచి 22 టన్నులకు పడిపోయింది. ఒకప్పుడు విరివిగా ఉన్న మిడ్జ్ జాతి కూడా పోయింది. చేపకు జరిగింది పిట్టకు జరగదని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు, ఇద్దరి పళ్ళెమూ ఒకటే కనుక. ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్‌లను ఆరుబయట పంటలకు వాడకుండా నిషేధించింది. అది ప్రధానంగా తేనెటీగల కోసం తీసుకున్న నిర్ణయం.

పిట్టకు విషం తగలకుండా, తిండి మాత్రమే తీసేస్తే ఏమవుతుందన్నదానికి ఫ్రాన్స్‌లోని కామార్గ్ చిత్తడి నేలల్లో జరిగింది మంచి ఉదాహరణ. అక్కడ దోమల నివారణకు బీటీఐ అనే బ్యాక్టీరియా మందు చల్లారు. అది పిట్టలకు హాని చేయదు, దోమ జాతి పిల్లల్నే చంపుతుంది. చల్లిన చోట హౌస్ మార్టిన్‌లు పిల్లలకు దోమలు, మిడ్జ్‌లు, తూనీగలు తక్కువగా తెచ్చాయి. గూటికి సగటున ఎగిరిపోయిన పిల్లలు 3.2 నుంచి 2.3కి తగ్గాయి. ఒక్క చుక్క విషం పిట్టకు తగలకుండానే దాదాపు మూడో వంతు సంతానం పోయింది. మందు సురక్షితమా కాదా అని పిట్ట మీద మాత్రమే పరీక్షించి చెప్పే మాటలు ఎందుకు సరిపోవో దీంతో తెలుస్తుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకొస్తాను. పంట మీద పురుగు ఉంటే తిండి ఉన్నట్టే కదా?

కొంతవరకు నిజం. రెక్కలొచ్చిన పేనుబంకను స్విఫ్ట్‌లు, హౌస్ మార్టిన్‌లు బాగానే తింటాయి. స్విఫ్ట్ గొంతులో పురుగుల్ని ఉండ చేసి పిల్లలకు తెస్తుంది. అలాంటి ఒక్క ఉండలో 300 నుంచి 1000 దాకా పురుగులుంటాయి, అందులో పేనుబంక చాలాసార్లు కనిపిస్తుంది. కానీ చీడపురుగు ఒకేసారి వెల్లువలా వస్తుంది, మందు కొడితే ఒకేసారి పోతుంది. గూట్లో పిల్లలు మూడు వారాల పాటు రోజూ తినాలి. ఒక వారం విందు, రెండు వారాలు పస్తు అయితే పిల్లలు బతకవు. ఇక పరిమాణం. ఒక పెద్ద జోరీగో, పేడ ఈగో దొరికితే ఒక్క విసురులో సరిపోయే తిండికి, చిన్న పేనుబంకలైతే పదుల సంఖ్యలో పట్టాలి. ప్రతి విసురుకీ ఒంట్లో శక్తి ఖర్చవుతుంది. సుమారు 20 గ్రాముల పిట్టకు ఆ లెక్క తప్పితే నష్టమే.

ఈ లెక్క తప్పడం ఎలా ఉంటుందో ఒక పాత పొగగొట్టం చూపించింది. కెనడాలో కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఒక భవనం పొగగొట్టంలో చిమ్నీ స్విఫ్ట్‌లు దశాబ్దాల పాటు రాత్రులు తలదాచుకున్నాయి. వాటి రెట్ట అడుగున పేరుకుని సుమారు రెండు మీటర్ల మందం అయింది. 1944 నుంచి 1992 దాకా ఏ ఏడుది ఆ ఏడు పొరగా ఉంది. పరిశోధకులు ఆ పొరల్ని ఒక్కొక్కటే తీసి, అందులో అరగకుండా మిగిలిన పురుగుల పెంకుల్నీ కాళ్ళ ముక్కల్నీ సూక్ష్మదర్శిని కింద గుర్తుపట్టి, డీడీటీ అవశేషాల్నీ కొలిచారు. 2012లో ఫలితాలు వచ్చాయి. డీడీటీ పెరిగిన పొరల్లో పెంకు పురుగులు బాగా తగ్గాయి, వాటి స్థానంలో రసం పీల్చే పురుగులు పెరిగాయి. పెంకు పురుగులో పోషణ ఎక్కువ. స్విఫ్ట్‌లు ఆకలితో చావలేదు, దొరికిన నాసి తిండితో సరిపెట్టుకున్నాయి. డీడీటీ వాడకం ఆగాక పెంకు పురుగులు కొంత కోలుకున్నా, పాత స్థాయికి మాత్రం చేరలేదు. పంటల మీద విస్తృతంగా పనిచేసే మందులు కొట్టాక రసం పీల్చే పురుగులు విజృంభించడం రైతులకు తెలిసిన విషయమే. పిట్ట పళ్ళెంలో జరిగిందీ అదే. పురుగుల మొత్తం సంఖ్య చూసి తిండి ఉందనుకోకూడదు, అవి ఏ పురుగులన్నది చూడాలి.

మూడోది గట్టు. కంచె చెట్లు, పొదలు, దున్నని అంచులు. మామూలు రోజుల్లో వానకోవెల మైదానంలో తిరుగుతుంది, ఈదురుగాలి, ముసురు పట్టిన రోజున కంచె చాటుకు వస్తుంది. గాలికి కొట్టుకుపోకుండా పురుగులు అక్కడే గుమిగూడతాయి కాబట్టి ఆ ఒకటి రెండు రోజులు పిల్లల్ని బతికించేది ఆ గట్టే. కలుపుమందు కూడా ఇక్కడే దెబ్బ కొడుతుంది. అది పురుగును చంపదు, పురుగు పిల్ల తినే మొక్కను తీసేస్తుంది. కెనడాలో దక్షిణ క్విబెక్‌లో 40 కమతాల్లో 400 గూటి పెట్టెలు పెట్టి ట్రీ స్వాలోలను 2004 నుంచి గమనిస్తున్నారు. మొక్కజొన్న, సోయాలాంటి పంటలు ఎడతెరిపి లేకుండా ఉన్న చోట ఈగ జాతి పురుగులు తక్కువ, ఎగిరిపోయే పిల్లలూ తక్కువ. పాడి, పచ్చిక ఉన్న వైపు రెండూ మెరుగు. చలి విరుచుకుపడ్డ రోజుల దెబ్బ కూడా ఏకపంట ప్రాంతాల్లో ఎక్కువగా ఉంది. పగటి వేడి 18.5 డిగ్రీల సెల్సియస్ కిందికి పడితే పురుగులు ఎగరడం బాగా తగ్గుతుందని ట్రీ స్వాలోల మీద జరిగిన ఇంకో అధ్యయనం తేల్చింది. పురుగు సమృద్ధిగా ఉన్న చోట ఆ రోజుల్ని ఎలాగో నెట్టుకొస్తాయి. ముందే అంతంతమాత్రంగా ఉన్న చోట ఆ చిన్న దెబ్బకే గూడు ఖాళీ అవుతుంది.

నేరుగా విషం తగలడం గురించి ఒక్క మాట. మందు పట్టించిన విత్తనాలు తినే పిట్టలకు ఆ ప్రమాదం ఎక్కువ. గాలిలో ఎగిరే పురుగును పట్టే పిట్టకు అంత మోతాదు సాధారణంగా చేరదు. పొలానికి సంబంధం లేని కారణాలు కూడా ఉన్నాయి. పాత ఇళ్ళ చూరుల్లో సందులు మూసేయడంతో స్విఫ్ట్‌లకు గూళ్ళు కరువయ్యాయి. వలస దారుల్లో తుఫాన్లు, ముందుగానే వేడెక్కి మళ్ళీ చలి తిరగబడే వసంతాలు కూడా దెబ్బ తీస్తున్నాయి. వీటన్నిటిలో వ్యవసాయం వాటా ఎంత శాతమని ఎవరైనా అడిగితే నేను అంకె చెప్పను. ప్రాంతాన్ని బట్టి, పిట్టను బట్టి మారుతుంది.

ఇక ఏం చేయొచ్చో చూద్దాం. నా సలహాలు ప్రాధాన్యం వారీగా ఇవి. పశువులుంటే, ఏడాదిలో కొంత కాలమైనా, ముఖ్యంగా పిట్టలు పిల్లల్ని పెంచే నెలల్లో, బయట మేయనివ్వండి. గూటికి మూడు నాలుగు వందల మీటర్ల దూరంలో పది పశువులు మేస్తున్నా తేడా కనిపిస్తుంది. నట్టల మందు మందకంతటికీ అలవాటుగా వేయకుండా, పేడ పరీక్ష చేయించి, గుడ్ల లెక్క ఎక్కువున్న పశువులకే వేయండి. దీనివల్ల మందుకు నట్టలు అలవాటు పడటం కూడా తగ్గుతుంది, కాబట్టి పిట్ట కోసం మీరేమీ త్యాగం చేయనక్కర్లేదు. ఐవర్‌మెక్టిన్‌కు బదులు పేడ పురుగులకు తక్కువ హాని చేసే మాక్సిడెక్టిన్‌లాంటివి మీ పశువుకు పనికొస్తాయేమో పశువైద్యుణ్ణి అడగండి. మంద మొత్తానికీ వేయక తప్పకపోతే, పశువులు కొట్టంలో ఉండే కాలంలో వేయండి.

నీటి విషయంలో, కుంటను శుభ్రం చేయడమంటే దాని ఒడ్డున గడ్డి, తుంగ అంతా పీకేయడం కాదు. కనీసం ఒక వైపు వదిలేయండి, ఒడ్డు పొడవునా కొన్ని మీటర్లు ఏ మందూ పడకుండా చూడండి. విత్తనశుద్ధి చేసిన విత్తనమే దొరుకుతోందని చాలామంది వాడతారు. ఆ చేలో నిరుడు ఆ పురుగు నిజంగా నష్టం చేసిందా అని ఒకసారి చూసుకుంటే చాలాసార్లు అవసరం ఉండదు. పిచికారీ కూడా క్యాలెండరు చూసి కాకుండా, చేలో పురుగు లెక్క చూసి, నష్టం చేసే స్థాయికి వచ్చినప్పుడే చేయండి.

గట్టు సంగతిలో, కొత్తగా చెట్లు నాటడం మంచిదే గానీ ఉన్నదాన్ని కొట్టకుండా ఉండటం అంతకన్నా విలువైనది. ముప్పై ఏళ్ళ కంచె ఇచ్చే పురుగుల్ని కొత్త మొక్కల వరుస చాలా కాలం దాకా ఇవ్వలేదు.

గూటి పెట్టెల గురించి చివర్లో చెబుతున్నానంటే కారణముంది. ఉత్సాహంతో ముందు పెట్టెలు కొని కొట్టేవాళ్ళు చాలామంది. చుట్టూ తిండి లేని చోట పెట్టె పెడితే జంట వచ్చి గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరగవు. ముందు పేడ, నీళ్ళు, గట్టు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత వానకోవెలల కోసమైతే పెట్టె కూడా అక్కర్లేదు, కొట్టం తలుపు పైభాగం కొంచెం తెరిచి ఉంచితే చాలు. ఒక గూటికి దాదాపు వెయ్యి మట్టి ముద్దలు మోసుకురావాలి. పెరడంతా కాంక్రీటు చేసిన చోట వాటికి తడి మట్టి దొరకదు, కాబట్టి గూళ్ళు కట్టే రోజుల్లో ఎండ ఎక్కువగా ఉంటే కొట్టానికి దగ్గరలో ఒక చిన్న పల్లాన్ని తడిపి ఉంచండి. మట్టి జిగురుగా ఉండాలి, ఇసుక పనికిరాదు.

మీ పొలంలో పశువులున్నాయో లేదో, చుట్టూ ఏ పంటలున్నాయో, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో రాస్తే వీటిలో ఏది ముందు చేయాలో చెప్పగలను.